మా నాయిన ఓటు ఎందుకు తీసేసిన్రు సారూ? ఎన్నికల అధికారికి బహిరంగ లేఖ

నమస్తే సారూ, మాది పాలమూరు దిక్కు పల్లె, మా నాయిన ఏటా ఆర్నెల్లు పుణెల మేస్త్రీ పనికి పోతడు, 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ 119 సీట్లకు ఒక్కటే రోజు ఓటింగ్ అంటే రాత్రంతా బస్సుల నిలవడి వచ్చిండు, తీరా బూత్‌ల లిస్టుల పేరు లేదన్నరు. ఓటర్ కార్డు పట్టుకొని స్కూల్ గోడకు ఒరిగి కూసున్నడు, గోర్లల్ల ఇంకా సిమెంటే ఉండె.

కొన్ని రోజులు బయటికి పోయినంత మాత్రాన ఊరోడు కాకుండ పోడని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20లనే ఉంది కద సారూ. ఇంటికి తాళం కనవడంగనే పేరు కొట్టేయకుండ్రి, ఫోన్ చేసి అడుగుండ్రి. దసరాకు వలసపోయినోళ్లంత ఊర్లనే ఉంటరు, గప్పుడు తండాలల్ల క్యాంపు పెట్టి ఓటర్ లిస్టుల పేరు ఎక్కించే ఫారం 6లు తీస్కోండ్రి.