హైఫా నుంచి పెద్దబాపుకు

పెద్దబాపుకు, పెద్దమ్మకు దండాలు.

ఇక్కడ అందరం మంచిగున్నం. సెప్టెంబర్ 17 సభల మాట్లాడేటందుకు హైదరాబాద్ సంస్థాన సైన్యాధిపతి ఎడ్రూస్ గురించి అడిగినవు గద, రాస్తున్న. ముందుగాల ఆ సభకు వేయిస్తమన్న ఫ్లెక్సీ ముచ్చట. "హైఫాను గెలిచిన హైదరాబాద్ లాన్సర్లు" అని వేయించకుర్రి. మొదటి ప్రపంచ యుద్ధంల, 1918ల, టర్కీ చేతుల ఉన్న ఈ హైఫా మీద గుర్రపు దళం దాడి చేసిన రోజు మన లాన్సర్లు (బల్లేల గుర్రపోళ్లు) అండ్ల లేరు. "పాలస్తీనా యుద్ధంల పనిచేసిన హైదరాబాద్ లాన్సర్లు" అని వేస్తే ఎవ్వరూ తప్పు పట్టలేరు.

ఇంగ్లీషోళ్ల దిక్కు కొట్లాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక (గుర్రపు) బ్రిగేడ్‌ల మూడు సంస్థానాల రెజిమెంట్లు ఉండె: జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్. ఢిల్లీ తీన్‌మూర్తి కాడ ఉన్న మూడు బొమ్మలు ఈ మూడింటియే. 2018ల ఆ చౌరస్తకు హైఫా పేరు కలిపినంక మూడు రెజిమెంట్లూ కలిసి హైఫా మీద పడ్డయని వాట్సాప్‌ల తిరుగుతున్నది.

జాగ ఎట్లుంటదో తెలిస్తే దాడి అర్థమైతది. హైఫాకు దక్షిణాన కార్మెల్ గుట్ట, ఇవతల కిషోన్ వాగు. లోపలి దిక్కు నుంచి ఊర్లకొచ్చే బాట ఈ రెండింటి నడుమ ఇరుకు సందులకెల్లి వస్తది. గుట్ట మీద టర్కీ ఫిరంగులు, కింద మిషన్ గన్లు. 1918 సెప్టెంబర్ 23న పొద్దుగాల బ్రిగేడ్ ఆ బాట మీదికి రాంగనే గుండ్లు పడ్డయ్. మనవైపు ఫిరంగులంటే ఒక్క బ్యాటరీయే (కొన్ని ఫిరంగుల గుంపు). మైసూర్ లాన్సర్లను కొందరిని గుట్ట మీదికి ఎక్కిచ్చి, మధ్యాహ్నం 2 గంటలకు జోధ్‌పూర్ లాన్సర్లను మైదానంల వదిలిన్రు.

అనుకున్నదేమో వాగు దాటి కొట్టాలెనని. ముందు పోయిన గుర్రాలు ఒడ్డు కాన్నే ఊబిల దిగబడ్డయ్. మిషన్ గన్ ముందు ఆగిన గుర్రమంటే నిలబెట్టిన గురే. అందుకని తూటాలు వస్తుండంగనే ఎడమకు మలిపి, గుట్ట మొదలు పట్టుకొని, అక్కడి మిషన్ గన్ల మీద పడి, ఊర్లకు సొచ్చిన్రు. ఆ మలుపులనే మేజర్ దల్పత్ సింగ్ షెఖావత్‌కు తూటా తగిలింది, బతుకలే. పట్టుబడ్డ కైదీలు 1,350 మంది, ఫిరంగులు 17, మిషన్ గన్లు 11. మనవైపు సచ్చింది 8 మంది, గాయాలైంది 34 మందికి. గుర్రాలు 60 సచ్చినయ్, 83 గాయపడ్డయ్.

మనుషులు తక్కువ, గుర్రాలు ఎక్కువ ఎందుకు పోయినయని ఎవరన్న అడుగుతరు. తూటా తగిలినా ఉరుకుతున్న గుర్రం అక్కడికక్కడ పడదు. మనిషిని శత్రువు దాక చేర్చి, తర్వాత కూలుతది. ఫిరంగులోళ్లకేమో దూరం సరిచూసుకునే సందు దొరకలే. బల్లెం కన్న వేగమే ఎక్కువ పని చేసింది.

మరి హైదరాబాద్ లాన్సర్లు ఏడబోయిన్రు? కైదీల వెంట. సెప్టెంబర్ 19న టర్కీ మీద ఇంగ్లీషోళ్ల దాడి మొదలైనంక గుర్రపు దళాలు పదాతిని ఎక్కడ్నో ఎనుక ఇడిసిపెట్టినయ్. 4వ అశ్విక డివిజన్ 34 గంటల్ల 110 కిలోమీటర్లు పోయింది, అంటే హన్మకొండల బయలెల్లి భువనగిరి దాటినంత. అంత ముందట వేలమంది లొంగిపోతే వాళ్లను అప్పజెప్పేటందుకు ఎవరూ లేరు. వదిలేస్తే మల్ల తుపాకి పడ్తరు, నీళ్లు లేకుంట నిలబెడితే సస్తరు. నడిపించుకుంట ఎనుకకు తీస్కపోవుడు కూడ గుర్రపోళ్ల నెత్తినే పడ్డది. ఆ పని హైదరాబాద్ లాన్సర్లకు వచ్చింది. పతకాలు రాని పని, కని ఎవరో ఒకరు చేయాల్సిందే.

రెజిమెంట్‌ల ముసల్మాన్లు ఎక్కువ గనుక టర్కీ ఖలీఫా మీద కొట్లాడరని పక్కన పెట్టిన్రని కొందరంటరు. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఖలీఫా దిక్కు పోవద్దు, ఇంగ్లీషోళ్ల దిక్కే ఉండాలెనని నిజాం 1914 నవంబర్‌లనే ఫర్మానా ఇచ్చిండు. ఈ రెజిమెంట్ సూయెజ్ కాలువ కాడ కావలి మొదలుకొని అదే టర్కీ మీద పనిచేసింది.

డెక్కన్ హార్స్ వేరు, యాది పెట్టుకో. 1916 జూలై 14న ఫ్రాన్స్‌ల సోమ్ యుద్ధంల హై వుడ్ కాడ బల్లేలతోటి ఉరికింది 20వ డెక్కన్ హార్స్. నిజాం దానికి గౌరవ కర్నల్, కాని అది బ్రిటిష్ ఇండియా సైన్యం, సంస్థానానిది కాదు. రెండింటినీ కలిపి ఒక్కటే అని రాసిన వ్యాసాలు మస్తున్నయ్.

ఇగ ఎడ్రూస్. సయ్యద్ అహ్మద్ ఎల్ ఎడ్రూస్ ఈ లాన్సర్లలనే అఫ్సర్‌గ మొదటి యుద్ధం చూసినోడు. హైఫా దాడిల ఉన్నడని ఆయన పేరు మీద కూడ రాస్తరు. రెజిమెంటే లేని కాడ ఆయనను నిలబెట్టకు. తర్వాత మేజర్ జనరలై సంస్థాన సైన్యానికి అధిపతి అయిండు. 1948 సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం షోలాపూర్ దిక్కు నుంచి నల్దుర్గ్ మీదుగ, బెజవాడ దిక్కు నుంచి సూర్యాపేట మీదుగ వచ్చింది. 17 సాయంత్రం కాల్పులు ఆగినయ్, 18న ఎడ్రూస్ ఇండియా సైన్యాన్ని నడిపిన జె.ఎన్. చౌధురికి లొంగిపోయిండు. చౌధురి కూడ గుర్రపు రెజిమెంట్ అఫ్సరే, రెండో యుద్ధంల బర్మాల 16వ లైట్ కావల్రీని నడిపిండు. షోలాపూర్ నుంచి వచ్చినోళ్లల్ల పూనా హార్స్ ఉండె. 1918ల అది, ఎడ్రూస్ రెజిమెంట్ ఒక్క డివిజనే. ఈసారి వాళ్లు ట్యాంకుల మీద వచ్చిన్రు.

సభల బైరాన్‌పల్లి హత్యల గురించి అడుగుతరు. 1948 ఆగస్టు 27న రజాకార్లతోటి పోలీసులు, మిలిటరీ కూడ వచ్చిన్రని ఊరోళ్లు చెప్తరు గద. రజాకార్లు కాసిం రజ్వీ చేతుల ఉన్నరు, సైన్యం ఎడ్రూస్ చేతుల ఉండె. ఈ తేడా చెప్పు, కని దాంతోటి ఆయన బాధ్యత అంతా కడుగకు.

ఆయన ఆఖరి ఏండ్లు బెంగళూర్ల గడిచినయ్, 1962ల పోయిండు. చౌధురి 1962 నుంచి 1966 దాక దేశ సైన్యాధిపతి, ఆ వెంటనే కెనడాల హైకమిషనర్. ఎడ్రూస్ జ్ఞాపకాలు అచ్చైనయ్. చదువు, గని ఓడినోని మాట ఓడినోని మాటే, పక్కన ఇంకో కాయితం పెట్టుకొని చదువు.

ఆ కాయితం కోసం తార్నాక ఆర్కైవ్స్‌కు పోవాలె. సంస్థానం కాయితాలు ఎక్కువ ఉర్దూ, పార్సీలనే ఉంటయ్. ఉర్దూ చేతిరాత చదివేటోళ్లను వెంట తీస్కపో, అచ్చు చదివేటోళ్లకు అది అందదు. తారీకులు ఫసలీల (నిజాం కాలం సాలు లెక్క) ఉంటయ్. ఇంగ్లీష్ సాలుల నుంచి ఉత్తగ 590 తీసేస్తే తప్పు పడుతది, ఎందుకంటే ఫసలీ సాలు అక్టోబర్‌ల మారుతది. 1918 సెప్టెంబర్ కావాలంటే 1327 చూడు, 1328 కాదు. 1948 సెప్టెంబర్‌కు 1357. సచ్చినోళ్ల పేర్లకు కామన్వెల్త్ సమాధుల కమిషన్ వెబ్‌సైట్ ఉన్నది, పైసలు అక్కర్లేదు. పేరు కొట్టకు, స్పెల్లింగ్ కుదరదు. రెజిమెంట్ కొట్టి, వచ్చిన వరుస మొత్తం చూడు. సమాధి దొరకనోళ్లు ఈజిప్టుల ఉన్న హీలియోపోలిస్ స్మారకం కింద కనిపిస్తరు.

ఫ్లెక్సీ అచ్చుకు ఇచ్చే ముందు మాటలు ఒక్కసారి నాకు ఫోన్ల పంపు.

నీ కొడుకు