మగ్గం గుంటకి ఏ కెమెరా?

చీరాల,
ఆదివారం మధ్యాహ్నం

చి. బుజ్జికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మోకాలు ఒక్కటే క్షేమం కాదు, అయినా బజారుకెళ్లడం మానరు. మొన్న నువ్వు వాట్సాప్‌లో రెండు కెమెరాల బొమ్మలు పెట్టి "అమ్మా, ఏది కొనను? ఒక్క మాటలో చెప్పు" అన్నావు. ఒక్క మాటలో చెబుదామంటే ముప్పై ఏళ్ల స్టూడియో అడ్డమొచ్చింది. ఫోన్ చేద్దామంటే మధ్యలో పాస్‌పోర్టు ఫోటోల వాళ్లొస్తారు, సగంలో లేవాలి. పైగా ఫోన్లో నా వంతు కూడా నువ్వే మాట్లాడేస్తావు. అందుకే కాగితం తీశాను.

నువ్వు పంపినవి రెండూ కెనాన్‌వే. ఒకటి ఆర్50, లెన్సు మార్చుకునే మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేనిది, దాంతోపాటు పెట్టెలో 18-45 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు. రెండోది జీ7 ఎక్స్ మార్క్ 3, పర్సులో పట్టే కాంపాక్టు. కాంపాక్టే అయినా సెన్సరు, అంటే ఫిల్ము బదులు వెలుగుని పట్టే ముక్క, పెద్దదని కొట్టువాడు చెప్పాడన్నావు. ఈ "పెద్ద" దగ్గరే ముందు కాసేపు కూర్చుందాం.

దాన్ని ఒక అంగుళం సెన్సరు అంటారు. స్కేలు పెట్టి కొలిస్తే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. మూల నుంచి మూలకి కొలిచినా అంగుళం రాదు. పూర్వం టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి, ఆ గొట్టం లావుని బట్టి పెట్టిన లెక్క అది. గొట్టాలు పోయి ఎన్నాళ్లయిందో, పేరు మాత్రం పోలేదు. ఆర్50లో ఉన్నది ఏపీఎస్-సి అనే సైజు, 22.3 × 14.9 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో దాదాపు మూడు రెట్లు. ఇక ఫుల్ ఫ్రేమ్ అని అందరూ కళ్లకద్దుకునేది 36 × 24. నాకు నవ్వొస్తుంది బుజ్జీ. మన స్టూడియోలో ఆ సైజుని "చిన్న రోలు" అనేవాళ్లం. పెళ్లిళ్లకి మేం యాషికా మ్యాట్ 124జీ అనే ఫిల్ము కెమెరా తీసుకెళ్లేవాళ్లం. 120 రోలు, పన్నెండు బొమ్మలు, ఒక్కో నెగెటివ్ రెండంగుళాల పైచిలుకు చదరం. చిన్న రోలుతో తీస్తే పెళ్లివారు డబ్బు తగ్గించమనేవాళ్లు. ఇప్పుడదే "ఫుల్" అయింది. కాబట్టి పెద్ద, చిన్న అనే మాటలకి నువ్వు బెదరొద్దు.

అసలు సంగతి వెలుగుది. నీ థీసిస్ కోసం నువ్వు వెళ్లేది నేత ఊరు పుట్టపాకకి, తీయాల్సింది తేలియా రుమాలు, నూనె పట్టించిన నూలుకి ముడులు కట్టి రంగు వేసి నేసే గుడ్డ. (ఆ రుమాలు ఒకప్పుడు మన చీరాలదే. ఓడలెక్కి అరబ్బు దేశాలకి పోయేదని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు దాని కోసం నా కూతురు నల్లగొండ వైపు వెళుతోంది.) నేత ఇల్లు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, మా పుట్టింట్లో చూశావు. మగ్గం ఉన్న గదికి ఒక తలుపు, చిన్న కిటికీ, పైన ఒక గాజు పెంకు, పొద్దుగూకితే ఒక ట్యూబ్‌లైటు. అంతే.

ఆ పెంకుటిల్లే పెట్టి చెబుతాను. సెన్సరు గది అనుకో, లెన్సు గాజు పెంకు అనుకో. గది ఎంత విశాలమైనా పైన పెంకు అరచేయంత ఉంటే లోపల చీకటే. ఆర్50తో వచ్చే 18-45 లెన్సుని 45 దాకా జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 6.3 కంటే పెద్దగా తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది). ఆ కాంపాక్టు లెన్సు చివరి జూమ్ దగ్గర కూడా ఎఫ్ 2.8 ఉంటుంది. ఈ రెంటికీ మధ్య వెలుగు తేడా అయిదు రెట్లు. ఆర్50 సెన్సరు మూడు రెట్లు పెద్దదైనా, కన్ను అయిదు రెట్లు మూసుకున్నాక దాని గొప్ప ఏం మిగిలింది? వెలుగు చాలనప్పుడు పెంచే అంకె ఐఎస్ఓ, పెంచేకొద్దీ ఫోటో గరుకవుతుంది. మగ్గం గదిలో కాంపాక్టుకి ఐఎస్ఓ 1600 సరిపోయిన చోట దీనికి 8000 పెట్టాలి. అప్పుడు తేలియాలో ఉండే ఆ నలుపు, ఆ మెరూను ఎరుపు కలిసిపోయి, పోగు పోగుకీ తేడా లేకుండా ముద్దయిపోతాయి. నీకు కావలసింది ఆ పోగేగా.

అంటే పెట్టెలో వచ్చిన లెన్సుతోనే మిర్రర్‌లెస్ వాడేట్టయితే నువ్వు దాన్ని కొననే వద్దు. చాలామంది చేసేది అదే. బాడీకి, అంటే లెన్సు లేని ఒట్టి కెమెరాకి, డబ్బంతా పోసి, ఆ లెన్సుతోనే ఏళ్లు గడిపేసి, "ఫోన్ కంటే పెద్ద తేడా ఏం లేదండీ" అని మన షాపుకొచ్చి వాపోతారు.

అలాగని కాంపాక్టు కొనెయ్ అని అనేద్దామంటే నాకు దుమ్ము గుర్తొస్తోంది.

నేనూ ఒక కాంపాక్టు కొన్నాను, నీకు గుర్తుందా, నువ్వు ఇంటర్‌లో ఉండగా. కంపెనీ పేరెందుకులే. కోటప్పకొండ తిరనాళ్లకి ప్రభలు తీయడానికి పెద్ద సంచీ మోయలేక, ముచ్చటపడి తీసుకున్నాను. స్విచ్ వేస్తే లెన్సు గొట్టం బయటికొస్తుంది, ఆపితే లోపలికి పోతుంది. పోతూ వస్తూ సిరంజిలా గాలి పీలుస్తుంది, గాలితోపాటు దుమ్మూ పోతుంది. తిరనాళ్ల దుమ్ము సంగతి చెప్పాలా! రెండో ఏటికల్లా ప్రతి ఫోటోలో ఆకాశం మీద ఒకే చోట నల్ల మచ్చ. లెన్సు ఊడదు కాబట్టి సెన్సరు మీదకి మన చెయ్యి వెళ్లదు. సర్వీసు వాళ్లు మొత్తం విప్పాలన్నారు, చెప్పిన లెక్క వింటే కెమెరా ధరలో సగం. మీ నాన్న "ఆ మచ్చని గద్ద అనుకో" అన్నారు. రెండేళ్లు ఆ గద్దని కంప్యూటర్లో చెరుపుతూ కూర్చున్నాను.

మగ్గం గదిలో దుమ్ము తక్కువే ఉండొచ్చు, నూలు పీచు మాత్రం గాల్లో ఎప్పుడూ తేలుతూ ఉంటుంది. కండెలు చుట్టే రాట్నం పక్కన పది నిమిషాలు నిలబడు, జడ మీద తెల్లగా పేరుకుంటుంది. తేలియా నూలుకయితే నూనె, ఆముదపు కాయల బూడిద కూడా పట్టిస్తారు. ఆ పీచు పొడిగా ఎగిరిపోయే రకం కాదు, అంటుకుంటుంది. గొట్టం లెన్సు వెళ్లాల్సిన చోటు కాదది.

మిర్రర్‌లెస్‌కి పీచు అంటదా అంటే, అంటుతుంది. అందులోనూ గదిలో నిలబడి లెన్సు మార్చావంటే అద్దం కూడా అడ్డం లేదు, సెన్సరు నోరు తెరుచుకుని ఉంటుంది. కానీ ఇంటికొచ్చాక లెన్సు తీసి, కెమెరా నోరు కిందకి వంచి, రబ్బరు బుడగతో నాలుగుసార్లు ఊదుకోవచ్చు. మళ్లీ చెబుతున్నా, నోటితో కాదు. తుంపర పడితే పీచు కంటే మొండి మచ్చ అవుతుంది.

ఇంకోటి. గుంట మగ్గం నేసే మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి, నడుము పైభాగమే నేల మీద. ఆయన ముఖం, చేతులు తీయాలంటే నీ కెమెరా నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. తెర తిరిగేది కావాలి, లేకపోతే బోర్లా పడుకోవాలి. ఇది రెండింటికీ ఉంది. పొద్దున్నే వీధిలో పడుగు పరిచి గంజి పెడతారు చూడు, అక్కడ మాత్రం ఎండలో తెర మీద ఏమీ కనపడదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఆర్50కి ఉంది, ఆ కాంపాక్టుకి లేదు. నువ్వేమో కళ్లజోడు మనిషివి.

బరువు సంగతి నువ్వు రాయలేదు గానీ, నీ మనసులో ఉన్నది అదేనని నాకు తెలుసు. కాంపాక్టు 304 గ్రాములు. ఆర్50 ఒక్కటే 375. నిజమే, భుజం భుజమే. నల్లగొండ వైపే చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ ఆసు పోసి పోసి (నేతకి ముందు పోగుని చేత్తో అటూ ఇటూ తిప్పడం) భుజం పట్టేస్తుంటే చూడలేక ఆ పనికి యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. నా భుజం కోసం మాత్రం మీ ఇద్దరిలో ఎవరూ ఒక స్క్రూ కూడా బిగించలేదు. ఆ యాషికా మ్యాట్ 1100 గ్రాములు, ఫ్లాషు, దాని బ్యాటరీ మోసి తెల్లవారుజాము ముహూర్తాలు తీసినదాన్ని. అందుకని 375కి నేను పెద్దగా జాలిపడలేను.

చిన్న కెమెరాకి ఒక గొప్ప గుణం ఉంది, అది ఒప్పుకుంటాను. పెద్ద కెమెరా చూడగానే నేతమనిషి మగ్గం ఆపి, లోపలికెళ్లి చొక్కా వేసుకొచ్చి, తల దువ్వుకుని బిగుసుకుని కూర్చుంటాడు. మా మేనమామే అంత. నీకు కావలసింది ఆ మనిషి పని, పాస్‌పోర్టు ఫోటో కాదు. దీనికి నా దగ్గరున్న మందు కెమెరాలో లేదు. మొదటి రోజు కెమెరా సంచీలోంచి తీయకు. వాళ్లింట్లో టీ తాగు, కుదిరితే కండెలు చుట్టు. రెండో రోజు అడిగి తీయి. మూడో రోజుకి మగ్గం ఆగదు. చప్పుడు రాకూడదని సైలెంట్ షట్టర్ మాత్రం పెట్టకు. మన కరెంటుకి ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు గానీ ఫోటో మీద అడ్డ చారలు పడతాయి. మామూలు షట్టర్ సెకనులో 1/50 వంతుకి పెట్టు. నిలువు పోగుల పడుగు నిలబడుతుంది, అడ్డపోగు మోసే నాడె గీతలా సాగుతుంది. సాగనీ, అది పరిగెత్తే వస్తువే కదా.

ఇక తేల్చేస్తాను. ఆర్50 బాడీ ఒక్కటే తీసుకో, ఆ 18-45 వద్దను. దానికి కెనాన్ 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 మ్యాక్రో లెన్సు పెట్టు. ఎఫ్ 1.8 అంటే 6.3 కంటే పన్నెండు రెట్లు వెలుగు. మ్యాక్రో కాబట్టి వస్తువుని సెన్సరు మీద సగం సైజులో నింపుతుంది, అంటే నాలుగున్నర సెంటీమీటర్ల గుడ్డ ఫోటో నిండా వస్తుంది. రంగు అంటకుండా నూలుకి చిటికి కట్టిన ముడి, ముడి విప్పాక రంగు దిగని చోటు, పోగుల మధ్య రంగు పాకిన అంచు, ఇవి చూపించకపోతే నీ థీసిస్‌లో నువ్వు రాసింది ఎవరికి అర్థమవుతుంది? ఆ కాంపాక్టు కూడా 5 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళుతుంది, కాదనను. కానీ అంత దగ్గరగా వెళితే దాని నీడ గుడ్డ మీదే పడుతుంది.

ఈ లెన్సుతో బరువు 680 గ్రాములవుతుంది. ఇరుకు గదిలో మగ్గం మొత్తం కూడా పట్టదు, ఎందుకంటే ఈ బాడీ మీద 35 అంటే మన చిన్న రోలు లెక్కలో 56, చూపు అంత ఇరుకు. మగ్గం మొత్తానికి నీ ఫోను తీయి, అది చక్కగా వెడల్పుగా తీస్తుంది, నామోషీ పడకు. మనుషులకీ, చేతులకీ, ముళ్లకీ ఈ లెన్సు. పెట్టింది పెట్టినట్టు ఉంచు, పుట్టపాకలో ఉన్నన్నాళ్లూ ఊడదీయకు. చూశావా, నీకు కావలసిన కాంపాక్టు అయిపోయింది, లెన్సు కదలదు. కాకపోతే మచ్చ పడితే విప్పగలిగే కాంపాక్టు. రేపు థీసిస్ అయ్యాక నీకు బుద్ధి పుట్టి పిట్టల్ని తీస్తానన్నా, పెళ్లిళ్లు ఒప్పుకున్నా, లెన్సు మారుతుంది గానీ బాడీ అదే.

నువ్వు పెట్టాలనుకున్న డెబ్బై అయిదు వేలకి ఇది మించుతుందని నాకు తెలుసు. బాడీ సెకండ్ హ్యాండ్‌లో చూడు, లెన్సు మాత్రం కొత్తది. బాడీ చూసేటప్పుడు తెల్లకాగితాన్ని ఎఫ్ 16లో ఒక ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి మూలలు చూడు. మచ్చలుంటే తెలుస్తాయి. మచ్చలు ఊదితే పోతే సరే, గీత అయితే తిరిగిచ్చెయ్. తక్కువ పడిన డబ్బు నేను పంపుతాను. వచ్చే నెల చీటీ పాటలో నేనే పాడుకుంటున్నాను, సందు చివర రత్తమ్మకి ఇప్పుడే చెప్పొచ్చాను. మీ నాన్నకి తెలుసు. "అమ్మాయి థీసిస్‌కి నువ్వు కెమెరా కొంటావు, నా మోకాలికి నూనె కూడా కొనవు" అన్నారు. తేలియా నూనె రాయిస్తానన్నాను.

స్టూడియోలో ఉన్న రబ్బరు బుడగ ఊదేది, లెన్సు తుడిచే గుడ్డ ఈ పార్సిల్లో పెట్టాను. ఆవకాయ సీసా వేరే కవర్లో పెట్టమన్నాను, మీ నాన్న అన్నీ కలిపి కట్టేశారు. నూనె కారి ఉంటే బుడగని సబ్బుతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి అప్పుడు వాడు.

ఉంటాను. కరెంటు పోయింది, కస్టమరు వచ్చాడు.

మీ అమ్మ