రోజుకు వెయ్యి ఇస్తామన్నారు, మేం రామన్నాం: మున్సిపల్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కార్మికుణ్ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మా ముఠాకూ మున్సిపాలిటీకీ ఏ సంబంధమూ లేదు, మా కూలి మీరిచ్చేది కాదు, టిక్కీకి ఇంతని యార్డులోనే తేలేది. అయినా మీకు ఎందుకు రాస్తున్నానంటే, మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికుల, అంటే పబ్లిక్ హెల్త్ వర్కర్ల, సమ్మె 2023 డిసెంబర్ 26న మొదలై ఇవాళ్టికి పద్నాలుగో రోజు, ఈ పద్నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం ఆ సమ్మె నేరుగా మా దగ్గరికే వచ్చింది.

మొన్న బుధవారం యార్డు బయట టీ బడ్డీ దగ్గర కూర్చుని ఉన్నాం. కొత్త కాయ ఇంకా పూర్తిగా దిగలేదు, పండగ దాటితేగానీ లారీలు బారులు తీరవు, అందుకని ఈ రోజుల్లో మాకు పని పల్చగా ఉంటుంది. అది తెలిసే వచ్చినట్టున్నాడు ఒకాయన. ఎవరి తరఫునో చెప్పలేదు. మా మేస్త్రిని పక్కకి పిలిచి, ఇరవై మంది కావాలి, తెల్లవారుజామున నాలుగింటికి ట్రాక్టర్ వస్తుంది, మెయిన్ రోడ్ల మీద చెత్త ఎత్తిపోస్తే చాలు, మనిషికి రోజుకు వెయ్యి, పోలీసులు వెంట ఉంటారు, టెన్షన్ ఏమీ లేదు అన్నాడు.

మాలో ఒక కుర్రాడున్నాడు, చెల్లెలి ఇంటర్ ఫీజు కట్టాలని నెల నుంచి తిరుగుతున్నాడు. వాడు మేస్త్రి మొహంలోకి చూశాడు. నేనూ చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఇప్పుడున్న పనికి వెయ్యి రూపాయలంటే మాకు రెండు రోజుల కూలి. మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి, "ఒకళ్ల పొట్ట కొట్టి తెచ్చే కూలి మాకొద్దు బాబూ. రేపు మేం రేటు కోసం పని ఆపితే ఇట్లాగే ఇంకో ముఠా దగ్గరికి పోతావు నువ్వు" అన్నాడు. అంతే. ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మేస్త్రి ఆ కుర్రాడికి ఫీజు డబ్బులు అడ్వాన్సుగా సర్దాడు. అది మా లోపలి విషయం, కానీ సమ్మెకి మద్దతు అంటే జెండా పట్టుకుని నిలబడటం ఒక్కటే కాదు, పక్కవాడు ఆ వెయ్యికి లొంగిపోకుండా వాడి అవసరం మనం చూడటం కూడా అని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇంటికి వెళ్లాక లెక్కేసుకున్నాను సార్. పారిశుద్ధ్య కార్మికుడికి ఇప్పుడు వచ్చేది 15 వేలు జీతం, 6 వేలు హెల్త్ అలవెన్సు, కలిపి 21 వేలు. రోజుకు ఏడొందలు. వాళ్లు కూర్చుని అడుగుతున్న కనీస వేతనం 26 వేలు, అంటే రోజుకు తొమ్మిదొందలు కూడా నిండదు. వాళ్లని పక్కన పెట్టి మమ్మల్ని దింపడానికి రోజుకు వెయ్యి పెట్టగలిగిన చోట, ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషికి తొమ్మిదొందలు ఇవ్వడానికి డబ్బు లేదంటే ఎట్లా నమ్మాలి? అధికారుల్ని పిలిపించి మీరే ఈ లెక్క అడగండి.

ఆ 6 వేల సంగతి కూడా ఊరందరికీ తెలియదు, అందుకే రాస్తున్నా. 2022 జూలైలో సమ్మె చేస్తేగానీ ఆ హెల్త్ అలవెన్సు నిలబడలేదు. అలవెన్సు జీతం కాదు. ఎప్పుడు ఆపినా ఆపొచ్చు, పీఎఫ్‌కి లెక్కలోకి రాదు, రేపు పని మానేసి ఇంటికి పోయేటప్పుడు చేతికొచ్చే డబ్బులోనూ కనపడదు. అదే ఊళ్లో కుళాయి నీళ్లు వదిలేవాళ్లకీ, వీధి దీపాలు చూసేవాళ్లకీ, ఇంజనీరింగ్ సెక్షన్ అంటారు కదా, వాళ్లకి ఆ 6 వేలు కూడా లేవు. 2020లో ఆప్కాస్ అని ఔట్‌సోర్సింగ్ వాళ్ల కోసం ప్రభుత్వ సంస్థ పెట్టి కాంట్రాక్టర్లని తీసేశారు, జీతంలో మధ్యవాడి కోత పోయింది, అది మంచి పనే, కార్మికులు కూడా ఆ మాట ఒప్పుకుంటారు. కానీ పేరు మారింది తప్ప పర్మినెంట్ కాలేదు. పక్కనే పర్మినెంట్ కార్మికుడు అదే చీపురు పట్టుకుని అదే వీధి ఊడుస్తాడు, జీతం వేరు, పెన్షన్ వేరు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబర్‌లోనే పంజాబ్ కేసులో చెప్పింది. ఏడేళ్లు దాటింది. తీర్పు ఢిల్లీలో వస్తే గుంటూరు దాకా రావడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

మా వీధి ఊడ్చే అక్క గురించి చెప్తాను. పేరు రాయను, రాస్తే ఆమెకే ఇబ్బంది.

మిచౌంగ్ తుఫాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. సమ్మెకి సరిగ్గా మూడు వారాల ముందు. మూడు వంతెనల దగ్గర నీళ్లు నిలిస్తే ఊరు రెండు ముక్కలవుతుందని గుంటూరులో ఎవర్నడిగినా చెప్తారు, ఇక మాలాంటి పల్లపు వీధుల సంగతి చెప్పక్కర్లేదు. మోకాటి లోతు నీళ్లు, కాలువ ఎక్కడుందో రోడ్డెక్కడుందో తెలియదు. అక్క కర్రతో తడుముకుంటూ వచ్చింది. తూము దొరికాక ఆ నీళ్లలోనే చతికిలబడి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి ఒక్కొక్కటీ లాగింది, నూనె ప్యాకెట్లు, పిల్లల డైపర్లు, సగం దుప్పటి. గ్లౌజులు లేవు. రెండు చేతులకీ క్యారీ బ్యాగులు తొడుక్కుని మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. ఒక్కసారిగా నీళ్లు సుడి తిరిగి దిగిపోతుంటే మెట్ల మీద నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె తల కూడా ఎత్తలేదు, పక్క వీధికి వెళ్లిపోయింది.

మొన్న సమ్మె టెంటు దగ్గర భోజనాలప్పుడు చూశాను, అక్క స్పూను అడిగి తీసుకుంది. వేళ్ల సందులన్నీ ఒరుసుకుపోయి తెల్లగా ఉన్నాయి, పులుసన్నం కలుపుకుంటే మంట అంది. నాకు వెంటనే తెలిసిపోయింది. సీజన్‌లో యార్డులో మిరపకాయల తొడాలు తీసే ఆడవాళ్లు కూడా రాత్రి అన్నం చేత్తో తినలేరు, చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంటారు. మాకు మిరప ఘాటు, వాళ్లకి మురుగు. మున్సిపాలిటీ కార్మికుడికి సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, యూనిఫాం ఇవ్వాలని ఎప్పటి నుంచో ఉంది. ఆ కొబ్బరినూనె ఎందుకో తెలుసా సార్? ఈ వేళ్లకి. చివరిసారి ఎప్పుడిచ్చారని అడిగితే అక్క గుర్తు తెచ్చుకోలేకపోయింది.

ఇది మా ఊరి ప్రాణం మీదకొచ్చే విషయం కూడా. 2018 మార్చిలో పాతగుంటూరు వైపు తాగే నీళ్లలో మురుగు కలిసి డయేరియా వస్తే పది మందికి పైగా పోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. జీజీహెచ్‌లో, అంటే మా పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, మంచాలు చాలక జనం పడ్డ అవస్థ ఇప్పటికీ కళ్లలో ఉంది. ఆ రోజుల్లో ఇంటింటి ముందూ బ్లీచింగ్ చల్లిందీ, కాలువల్లో సిల్టు ఎత్తిందీ వీళ్లే. కరోనాలో, సొంతవాళ్లే గడప దాటని రోజుల్లో, రోడ్డు మీద ఉన్నదీ వీళ్లే. అందుకే నేను వీళ్లని చెత్త ఎత్తేవాళ్లు అని అనను, పబ్లిక్ హెల్త్ వర్కర్లు అనే అంటాను. మీ రికార్డుల్లో ఉన్న పేరు కూడా అదే కదా.

ఊళ్లో చెత్త పేరుకుంది, నిజం. సెంటర్లలో డంపర్ బిన్లు నిండి రోడ్డు మీదకి జారాయి, పందులు లాగుతున్నాయి. ధనుర్మాసం, మా ఇంటి ఎదురుగా ఆడపిల్లలు పొద్దున్నే ముగ్గు పెడుతుంటే పది అడుగుల దూరంలో కుప్ప కంపు కొడుతుంది. జనానికి కోపం వస్తుంది. ఆ కోపం కార్మికుల మీదకి మళ్లుతుందని ఎవరైనా లెక్కేసుకుని ఉంటే, మా వీధిలో మాత్రం అది జరగలేదు. చెత్త పన్ను మేం కడుతున్నాం. 2021 అక్టోబర్ 2న చెత్త తీసుకెళ్లే క్లాప్ ఆటోలకు జెండా ఊపినప్పటి నుంచి ఇంటింటికీ వసూలు చేస్తున్నారు. మేం పన్ను కడితే, చెత్త తీసే మనిషికి జీతం సరిగా ఇవ్వరా అని మా పక్కింటి పెద్దావిడ గట్టిగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంటే చెప్పండి.

టెంటు దగ్గరికి మేం ఒక్కళ్లమే కాదు వచ్చింది. ఆటో అన్నలు రోజుకి ఇద్దరు ముగ్గురు పాళ్లు వేసుకుని దూరం నుంచి వచ్చే ఆడవాళ్లని ఊరికే దింపుతున్నారు. భవన నిర్మాణం మేస్త్రీలు షామియానా కర్రలు పాతారు. ఒక కూరగాయల కొట్టాయన రెండు బస్తాల వంకాయలు పంపాడు, పేరు చెప్పొద్దన్నాడు. మా ముఠాలో మనిషికి ఒక రోజు కూలి అనుకున్నాం, ఇచ్చాం. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, వాళ్ల సమ్మెకే ఇవాళ ఇరవై ఎనిమిదో రోజు, వాళ్ల టెంటు వదిలి వచ్చి ఈ టెంటులో కూర్చుని వెళ్లారు. శనివారం అంగన్‌వాడీల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, పెట్టారు. ఆ వార్త వచ్చిన సాయంత్రం ఈ టెంటులో కూడా భయం కనపడింది, ఇక మన వంతేనేమో అని. అక్క మాత్రం, "కాలువలో దిగేటప్పుడు లేని చట్టం కూర్చుంటే వస్తుందా" అంది.

ఆ కాలువ సంగతీ చెప్పాలి. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించడం నేరమని 2013 చట్టం ఉంది. మురుగు కాలువల్లో పోయిన ప్రాణానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు మొన్న అక్టోబర్‌లోనే తీర్పు ఇచ్చింది. పోయాక ఇచ్చే 30 లక్షలు ఎవరికీ వద్దు సార్. బతికుండగా గ్లౌజులు, బూట్లు, దిగే అవసరం రాకుండా మిషన్లు, ఇవి ఇవ్వండి.

చర్చలు పెట్టారు, తేలలేదు. మళ్లీ పిలవండి, భోగి లోపు పిలవండి. నోటిమాట కాకుండా జీవో చేతికివ్వండి. అలవెన్సుని జీతంలో కలపండి, ఇంజనీరింగ్ వాళ్లని వదిలేయొద్దు, పర్మినెంట్ చేయడానికి ఒక తేదీ చెప్పండి. సమ్మె కాలం జీతం కోయొద్దు, ఎవరి మీదా కేసులు పెట్టొద్దు. ఇంకొక్కటి, ఇది మా తరఫున అడుగుతున్నది: మా యార్డు గేటు దగ్గరికీ, తాపీ పనివాళ్ల అడ్డాల దగ్గరికీ మనుషుల్ని పంపి ఒక కూలివాడి మీదకి ఇంకో కూలివాడిని తోలే పని మాన్పించండి. మేం రాం. మా తర్వాత అడిగిన రెండు ముఠాలు కూడా రామన్నాయని తెలిసింది.

రేపు మంగళవారం టెంటు దగ్గర మధ్యాహ్నం వంట మా ముఠా వంతు. పప్పుచారు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, రెండొందల మందికి. అక్కకి స్పూను పట్టుకెళ్తున్నాను. మీ దగ్గర్నుంచి చర్చల కబురు వచ్చేదాకా మంగళవారం మాది, బుధవారం ఆటో వాళ్లది, గురువారం బిల్డింగ్ వాళ్లది అని వంతులు రాసుకున్నాం.

ఇట్లు,
ఒక ముఠా కార్మికుడు,
మిర్చి యార్డు, గుంటూరు.
8 జనవరి 2024