చిన్నపిల్లల ఆరోగ్యం, ఆకలి నివారణ కమిటీ: జమా ఖర్చుల వివరణ (2025 జూన్ 1 – డిసెంబరు 31)

ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో పోషణలోపం ఉన్న పిల్లల కోసం పైసలిచ్చిన దాతలకు, కమిటీలోని పిల్లల డాక్టర్లు, డైటీషియన్లు, విశ్రాంత ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) సూపర్‌వైజర్లు, న్యాయవాదులు అందరికీ నమస్కారం. లెక్క డిసెంబరు ఆఖరుకే రావాలి, మూడు వారాలు ఆలస్యమైంది. ఎందుకో కింద తల్లుల కూలి (బిడ్డతో కేంద్రంలో ఉన్న రోజులకు తల్లులకు మేమిచ్చినది) దగ్గర చెప్పాం.

జమ

గత ఏడాది నిల్వ రూ. 18,430. సభ్యత్వ చందా 22 మంది నుంచి తలా 2,000 చొప్పున రూ. 44,000. బ్యాంకు ద్వారా దాతలు పంపినది రూ. 1,86,500. నగదు రసీదులు (101 నుంచి 187 వరకు) రూ. 31,250. ఒక వైద్య కళాశాల పాత విద్యార్థుల బ్యాచ్ ఇచ్చినది రూ. 75,000. బ్యాంకు వడ్డీ రూ. 2,116. మొత్తం జమ రూ. 3,57,296. పేరు వేయొద్దని అడిగిన వారి పేర్లు రసీదు పుస్తకంలో తప్ప ఎక్కడా లేవు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

సభ్యులు 26 మంది. చందా కట్టని నలుగురికి ఆ సంగతి తెలుసు. జూన్ సభలో మైకు పట్టుకుని ప్రకటించిన ఏడుగురి నుంచి రూ. 65,000 ఇంకా రావాలి. అందులో ఇద్దరు చెక్కు పట్టుకుని ఫోటో కూడా దిగారు. ఫోటో మా దగ్గర ఉంది, చెక్కు లేదు.

ఖర్చు

పోషణలోపం ఉన్న పిల్లలను గుర్తించడానికి జబ్బ చుట్టుకొలత టేపులు 600, ఒక్కోటి 9 చొప్పున రూ. 5,400. అంగన్‌వాడీ టీచర్లు 48 మందికి రెండు రోజుల శిక్షణ భోజనాలు రూ. 11,520. గోండి మాట్లాడే తల్లుల కోసం అక్షరాలు లేని బొమ్మల కార్డుల ముద్రణ రూ. 6,850. గూడేల నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి (తీవ్ర పోషణలోపం ఉన్న పిల్లలను చేర్చుకుని చూసే చోటు, కింద ఉత్తగా కేంద్రం అన్నాం) తల్లీబిడ్డలను చేర్చిన జీపు 14 ట్రిప్పులు, ట్రిప్పుకు 1,800 చొప్పున రూ. 25,200. ఆడిట్ రూ. 5,000. బ్యాంకు చార్జీలు రూ. 354.

సమాచార హక్కు దరఖాస్తులు ఆరు, రూ. 60. ఆహార కమిషన్‌కు వినతిపత్రం ఇవ్వడానికి హైదరాబాద్‌కు ఇద్దరి ప్రయాణం రూ. 4,480. 2013 ఆహార భద్రతా చట్టం రెండో షెడ్యూలు ప్రకారం పోషణలోపం ఉన్న బిడ్డకు రోజుకు 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు అందాలి. అంగన్‌వాడీలో మామూలు పిల్లలకిచ్చే ప్యాకెట్టే వీళ్లకూ ఇచ్చి సరిపెట్టకూడదని అడిగాం. ఆరింట్లో నాలుగు దరఖాస్తులకు జవాబు వచ్చింది, రెండింటికి అప్పీలు వేశాం.

కేంద్రం నుంచి ఇంటికెళ్లే తల్లులకు ఇచ్చిన కిట్లు 17, ఒక్కోటి 1,150 చొప్పున రూ. 19,550. ఒక కిట్టులో పల్లీలు 2 కిలోలు, పుట్నాలు 2 కిలోలు, బెల్లం 2 కిలోలు, నూనె లీటరు, ఒక అట్ట గుడ్లు (30), 150 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు, గిన్నె, చెంచా. గ్లాసు ఎందుకని అడిగారు. పాలసీసా అలవాటు కాకుండా ఉండాలని. గూడెంలో సీసాను పూటపూటా మరగబెట్టడం కుదరదు. గ్లాసునైతే బూడిదతో తోమినా చాలు.

తూకాలు. డిజిటల్ తూకాలు 12కు జులైలో ఆర్డరిచ్చాం, సెప్టెంబరులో వచ్చాయి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 కిలోల రాళ్లు రెండు (రూ. 2,800) కొని ప్రతి తూకాన్నీ సరిచూశాం. మూడు తూకాలు 5.2 చూపించాయి. అవి వెనక్కి పంపాం, తొమ్మిదింటికే డబ్బు కట్టాం, రూ. 37,350. "200 గ్రాములకు ఇంత రాద్ధాంతమా" అన్నవారికి ఒక లెక్క చెప్తాం. 65 సెంటీమీటర్ల పొడవున్న మగబిడ్డ 5.9 కిలోలకు తగ్గితే తీవ్ర పోషణలోపం కింద వస్తాడు. 5.8 ఉన్న బిడ్డను ఆ తూకం 6.0గా చూపిస్తే వాడు జాబితాలోనే ఉండడు. తూకం మంచిదైనా మట్టి నేల మీద పెడితే తప్పే చూపిస్తుంది. కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసి, తల్లి ఒక్కతీ ఎక్కాక సున్నా చేసి, ఆ తర్వాతే బిడ్డను చేతికివ్వాలి.

పొడవు కొలిచే బల్లలు 12, ఒక్కోటి 2,600 చొప్పున రూ. 31,200. వడ్రంగి నాలుగింటికి పచ్చి కలప వాడాడు. వానలకు ఉబ్బి, పాదాల దగ్గర జరిగే పలక ఇరుక్కుపోయింది. బలంగా నెట్టి చదివితే ఒక సెంటీమీటరు తేడా. 65 ఉన్న బిడ్డకు 66 సెంటీమీటర్లని రాస్తే తీవ్రానికి గీత 5.9 నుంచి 6.1 కిలోలకు పోతుంది, అంటే 6.0 ఉన్న బిడ్డ కూడా తీవ్రం కింద పడతాడు. ఆ నాలుగూ ఆరిన టేకుతో మళ్లీ చేయించాం, అదనంగా పైసా ఇవ్వలేదు.

తల్లుల కూలి: రూ. 85,039

గొడవంతా దీని మీదే. పిల్లల తిండికని ఇచ్చిన డబ్బు పెద్దవాళ్ల చేతుల్లో పెట్టారని కొందరన్నారు. అవును, పెట్టాం. తెలిసే పెట్టాం.

కేంద్రంలో చేర్చిన బిడ్డకు మొదటి రోజుల్లో ఎఫ్-75 పాలు పడతారు. ఆవుపాలు 300 మిల్లీలీటర్లు, చక్కెర 100 గ్రాములు, నూనె 20 మిల్లీలీటర్లు, మిగతా కాచి చల్లార్చిన నీళ్లు, మొత్తం లీటరు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా. పలచగా ఉన్నాయని చిక్కటి పాలు పడితే, చిక్కి శల్యమైన బిడ్డ గుండె ఆ భారం మోయలేదు. వాపు తగ్గి, ఆకలి పుట్టాకే బలమైన పాలకు మారుస్తారు. చేరినప్పటి బరువుకు 15 శాతం పెరగాలన్నది లక్ష్యం. 5.8 కిలోల బిడ్డ దాదాపు 6.7కు రావాలి. బాగా తింటే రెండు వారాలు పడుతుంది. రాత్రి రెండింటికి లేచి చెంచాతో పట్టేది తల్లే, నర్సు ఒక్కతీ అంతమందికి పట్టలేదు. తల్లి మూడో రోజు వెళ్లిపోతే అంతకుముందు పెట్టిన ఖర్చంతా నీళ్లపాలు.

"అక్కడ భోజనం పెడతారు కదా" అన్నారు. తల్లికి పెడతారు. ఇంటి దగ్గరున్న ఇద్దరు పిల్లలకు ఎవరు పెడతారు? ప్రభుత్వ భత్యం ఉంది, మేము చూసిన తల్లులకు అది ఇంటికి వెళ్లాకే ఖాతాలో పడింది. అందుకే ఉపాధి హామీ కూలి ఎంతో అంతే, రోజుకు 307 ఇచ్చాం. 23 మంది తల్లులు, 277 రోజులు. 17 మంది 14 రోజులూ ఉన్నారు (238 రోజులు). ఆరుగురు మధ్యలో వెళ్లిపోయారు (39 రోజులు). వారిలో నలుగురు పత్తి ఏరే రోజుల్లో వెళ్లారు. కిలోల లెక్కన ఏరితే 307 కంటే ఎక్కువే గిడుతుంది, వాళ్లను తప్పుపట్టలేం. కూలి 500 చేద్దామని ఇద్దరు సభ్యులన్నారు, మేం ఒప్పుకోలేదు. బదులుగా ఈసారి జబ్బ కొలతలు ఆగస్టులోనే మొదలుపెడతాం, పత్తి పగిలేలోగా పిల్లలు ఇంటికి చేరేలా.

ఇక వేలిముద్రల ఓచర్లు. మొదటి ఐదుగురు తల్లులకు (70 రోజులు, రూ. 21,490) నగదు ఇచ్చాం. ఇద్దరి ఖాతాలు వాడక ఆగిపోయాయి, ముగ్గురికి బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బిచ్చే మనిషి) మిషన్ మీద వేళ్లు అరిగి ముద్ర పడలేదు. ఓచర్ల మీద వేలిముద్ర ఉంది, సాక్షి సంతకం లేదు. ఇది మా తప్పే, ఆడిటర్ రాసిందీ ఇదే. ఆలస్యానికి కారణం కూడా ఇదే. కేంద్రంలో తల్లుల భోజనం రిజిస్టరు తెప్పించి రోజువారీగా సరిచూశాం. 68 రోజులు సరిపోయాయి. రెండు రోజులు ఒక తల్లి అంగడికని ఇంటికెళ్లి తిరిగొచ్చింది, కూలి మాత్రం ఇచ్చేశాం. ఆ రూ. 614 కోశాధికారి జనవరిలో సొంతంగా కట్టారు, వచ్చే లెక్క జమలో కనిపిస్తుంది. ఆరో తల్లి నుంచి ప్రతి ఓచరు మీద నర్సు సంతకం ఉంది. డబ్బు తిన్నారని టీ కొట్టు దగ్గర అన్నవారు ఒక్కరూ ఓచర్లు చూడ్డానికి రాలేదు.

మొత్తం ఖర్చు రూ. 2,34,803. నిల్వ రూ. 1,22,493.

నిల్వ ఇంత ఉంది కదా, మళ్లీ చందాలు ఎందుకంటారేమో. అందులో 75,000 మేం ముట్టుకోలేనిది. పాత విద్యార్థుల బ్యాచ్ ఆ డబ్బు పాల డబ్బాలు పంచడానికే అని రాసిచ్చింది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం పాల డబ్బాలు, పాలసీసాలు ఉచితంగా పంచకూడదు, అనాథాశ్రమాలకు తప్ప. వాళ్లూ డాక్టర్లే, ఈ సంగతి మేం చెప్పాల్సి రావడం ఇబ్బందిగానే ఉంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, నాలుగు నెలల బిడ్డకు 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు కూడా రాదు. రెండో డబ్బా కొనలేక నీళ్లు కలిపి సాగదీస్తారు, ఈలోగా తల్లి పాలు ఎండిపోతాయి. ఇంకొక దాత స్వయంగా తెచ్చిన 24 డబ్బాలు కూడా ఇందుకే తిప్పి పంపాం. ఆయన అలిగారు. కిట్లకు వాడుకోమంటారా, తిప్పి పంపమంటారా అని బ్యాచ్‌కు రెండు ఉత్తరాలు రాశాం. జవాబు వచ్చేదాకా అది బ్యాంకులో విడిగా ఉంటుంది.

కమిటీ వాడగలిగేది రూ. 47,493. అందులో బ్యాంకులో 45,800, చేతిలో 1,693. వెనక్కి పంపిన మూడు తూకాల బదులు కొత్తవి వస్తే ఇందులోంచి 12,450 పోతుంది. ఓచర్లు, రసీదు పుస్తకం, ఆడిటర్ నోటు ఆదివారం ఉదయం కమిటీ గదిలో బల్ల మీద ఉంటాయి. బాకీ ఉన్నవారు అదే రోజు రసీదు రాయించుకోవచ్చు.