ఇల్లు కట్టాక మొదలయ్యే ఖర్చు గురించి ఎవరూ చెప్పరు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రికలో సొంతింటి కల గురించి వచ్చిన వ్యాసం చదివాను. చదరపు అడుగుకు ఎంతవుతుందో, బ్యాంకు అప్పు ఎలా తీసుకోవాలో వివరంగా రాశారు గానీ, గృహప్రవేశం మర్నాటి నుంచి ఆ ఇంటికి ఏటా ఎంత పోయవలసి వస్తుందో ఒక్క వాక్యమైనా లేదు. కర్నూలులో అవసరానికి మించిన ఇల్లు కట్టుకుని పదమూడేళ్లుగా దాన్ని మోస్తున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి నగరాన్ని ముంచినప్పుడు మేము రెండు రాత్రులు ఎదురింటివారి మిద్దె మీద గడిపాం. ఆ భయంతోనూ, పిల్లలు వచ్చి ఉంటారన్న ఆశతోనూ తర్వాత కట్టిన ఇంటికి పై అంతస్తు వేయించాను. ఇప్పుడు అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి హైదరాబాదులో ఉన్నారు. పైన మూడు గదులకూ తాళాలే. తాళం వేసిన గదికి ఖర్చేముంటుందని అనుకుంటాం. మొన్న వేసవిలో తలుపు తీసి చూస్తే ద్వారబంధం పైకి నున్నగానే ఉంది, తట్టితే డొల్లగా మోగింది, నొక్కితే రంగు పొర చిరిగి వేలు లోపలికి దిగిపోయింది. కర్రంతా చెద తినేసింది. రేపెప్పుడైనా ఇంకో అంతస్తు వేసుకోవచ్చని మేస్త్రి మిద్దె మీద వదిలిన పిల్లర్ల కడ్డీలు తుప్పు పట్టి, వాటి మొదళ్ల నుంచి వాన నీరు స్లాబులోకి దిగుతోంది. వాటర్‌ప్రూఫింగ్ ఇప్పటికి రెండుసార్లు చేయించాను, చెమ్మ ఆగలేదు. మా వీధిలో ఏ మిద్దె చూసినా ఆ కడ్డీలే కనిపిస్తాయి.

ఇక పన్ను. 2021లో, ఇంటికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి పన్ను వేసే అద్దె విలువ పద్ధతి తీసేసి, స్థిరాస్తి మూలధన విలువ, అంటే స్థలానికీ కట్టడానికీ కలిపి కట్టిన విలువ మీద ఇంటి పన్ను వేయడం మొదలుపెట్టారు. ఏటా 15 శాతానికి మించి పెంచబోమని చెప్పి దాన్ని ఊరటగా చూపించారు; ఏటా 15 శాతం పెరిగితే అయిదేళ్లకు పన్ను రెట్టింపవుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పింఛను అలా పెరగదు కదా! ఇంట్లో ఇద్దరే ఉన్నా, పది మంది ఉన్నా పన్ను కట్టడం వైశాల్యానికే. పై అంతస్తు మీటరుకు ఒక్క బల్బు వెలగకపోయినా స్థిర ఛార్జీలతో నెలనెలా బిల్లు వస్తుంది. పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు, ఏళ్ల తరబడి కట్టనివారికి మాత్రం అప్పుడప్పుడు వడ్డీ మాఫీ ప్రకటిస్తారు. గడువులోగా కడుతూ వచ్చిన మావంటివారికి ఇది ఎంత బాధ కలిగిస్తుందో అధికారులు ఒక్కసారైనా ఆలోచించారా?

ప్లాను మంజూరుకు వెళ్తే సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం), ఫీజులు, డ్రాయింగులు అన్నీ అడుగుతారు. ఈ విస్తీర్ణానికి మొదటి ఏడాది పన్ను ఎంత, అయిదేళ్లకు ఎంత కావచ్చు అన్న లెక్క ఒక కాగితం మీద రాసి ఆ దరఖాస్తుతోనే చేతికివ్వడం కష్టమేమీ కాదు. నాకు ఆ కాగితం అందివుంటే రెండు గదులు, ఒక వసారాతో ఆపేసేవాణ్ణి. కర్నూలు, అనంతపురం, కడప నగరపాలక సంస్థలు ఈ పని వెంటనే మొదలుపెట్టాలని, మీ పత్రిక కూడా ఇంటి నిర్మాణం గురించి రాసినప్పుడల్లా ఈ ఖర్చుల లెక్క ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు