నీటి అడుగు ఫొటోలు: కెమెరా మార్చే ముందు చూడవలసినవి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ రుషికొండ తీరంలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నవారు, సెలవుల్లో అండమాన్‌కు వెళ్లి స్వరాజ్ ద్వీప్ పరిసరాల్లోని పగడపు దిబ్బలను చూసివచ్చినవారు కలిసినప్పుడు తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఉన్న చిన్న కెమెరాను ఉంచుకోవాలా, మార్చి కొత్తది కొనాలా? తెలుగు పత్రికల సాంకేతిక పేజీలు ఇటువంటి కెమెరాల గురించి రాసేటప్పుడు మెగాపిక్సెళ్లు, జూమ్, ధర చెప్పి ముగిస్తున్నాయి. నేల మీద తీసే ఫొటోలకు ఆ వివరాలు కొంత ఉపయోగపడవచ్చు గాని, నీటి అడుగున ఫొటో బాగుండటం, బాగుండకపోవడం చాలావరకు వేరే విషయాల మీద ఆధారపడుతుంది. ఆ విషయాలు తెలియక కొత్త కెమెరా కొన్నవారికి మళ్లీ పాత ఫొటోలే వస్తున్నాయన్నది నా బాధ.

డైవర్ల చేతుల్లో విరివిగా కనిపించే ఒలింపస్ టఫ్ కెమెరాలనే ఉదాహరణగా తీసుకుంటాను. 2015లో టీజీ-4, 2017లో టీజీ-5, 2019లో టీజీ-6 వచ్చాయి. ఒలింపస్ కెమెరా వ్యాపారం చేతులు మారిన తరువాత 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో టీజీ-7 వచ్చింది. టీజీ-4లో 16 మెగాపిక్సెళ్లుండగా టీజీ-5లో వాటిని 12కు తగ్గించారు. అంకె తగ్గినా అది వెనుకడుగు కాలేదు. మసక వెలుతురులో చిత్రం మెరుగుపడింది, 4కె వీడియో కూడా వచ్చింది. కాబట్టి టీజీ-4 వాడుతూ వీడియో మీద ఆసక్తి ఉన్నవారు కెమెరా మార్చడంలో అర్థముంది. టీజీ-6 ఉన్నవారు టీజీ-7 కొనడం మాత్రం నాకు సబబుగా తోచదు. యూఎస్‌బీ-సి, నిలువు వీడియో వంటి సౌకర్యాలు చేరాయే తప్ప నీటిలో ఫొటోను మార్చగలిగేంత తేడా ఆ రెండింటి మధ్య లేదు.

అసలు లోటు చాలామందికి కెమెరాలో కాదు, వెలుతురులో ఉంటుంది. సూర్యకాంతిలోని రంగుల్లో ఎరుపును నీరు అన్నిటికంటే ముందు పీల్చుకుంటుంది. పది మీటర్ల లోతుకు చేరేసరికి ఎర్రని జీవి కూడా బూడిద రంగులోనో, నల్లగానో కనబడుతుంది. అక్కడికి చేరని రంగును ఎంత ఖరీదైన కెమెరా అయినా పట్టుకోలేదు. తక్కువ లోతులో వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సమతూకం) సరిచేయడం వల్ల, ఎరుపు ఫిల్టర్ వల్ల కొంత మేలు జరుగుతుంది గాని, ఇంకా కిందికి వెళితే వెలుతురును మనమే తీసుకుపోవాలి. కెమెరాలోనే ఉండే ఫ్లాష్ ఈ పనికి చాలదు. అది లెన్స్‌కు మరీ దగ్గరగా ఉండటం వల్ల ఎదుటి చేప కంటే ముందు నీటిలో తేలే నలకల మీద పడి, పొగమంచులో వేసిన హెడ్‌లైట్‌లాగా చూపునే కప్పేస్తుంది. ఫొటో నిండా తెల్ల చుక్కలు పడతాయి. వర్షాకాలంలో నదుల బురదనీరు వచ్చి కలిసే మన తీరంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. దీనికి విరుగుడు, కెమెరాకు తగిలించే పొడవైన కడ్డీకి బిగించి పక్క నుంచి వెలుగు పడేలా అమర్చుకునే స్ట్రోబ్, అంటే విడి ఫ్లాష్. కెమెరా ఫ్లాష్ మెరుపును ఆప్టికల్ ఫైబర్ ద్వారా అందుకుని వెలిగే స్ట్రోబ్ రేపు కెమెరా మార్చినా చాలావరకు పనికివస్తుంది కనుక, దాని మీద పెట్టిన డబ్బు వృథా పోదు. వీడియో తీసేవారికి స్ట్రోబ్ ఉపయోగపడదు, నిలకడగా వెలిగే వీడియో లైట్ కావాలి.

లోతు విషయంలో మరింత స్పష్టత అవసరం. టీజీ కెమెరాలను హౌసింగ్ (కెమెరాను లోపల ఉంచి మూసే, నీరు చొరబడని గట్టి పెట్టె) లేకుండా 15 మీటర్ల వరకే వాడవచ్చు. ఓపెన్ వాటర్ అనే తొలి దశ కోర్సు పూర్తిచేసిన డైవర్ 18 మీటర్ల వరకు, అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినవారు 30 మీటర్ల వరకు దిగుతారు. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతూ పోతుంది. పైగా ఆ 15 మీటర్ల హామీ సీళ్లు కొత్తగా, శుభ్రంగా ఉన్న కెమెరాకు సంబంధించినది. రబ్బరు సీళ్లు కాలక్రమంలో బిగువు కోల్పోతాయి. బ్యాటరీ తలుపు అంచున ఒక ఇసుక రేణువో, వెంట్రుకో ఇరుక్కున్నా ఉప్పునీరు లోపలికి చేరుతుంది. అందువల్ల కొత్త కెమెరాకు కేటాయించిన సొమ్ముతో పాత కెమెరాకే సరైన హౌసింగ్ కొని, దాని అంచున నీటిని ఆపే రబ్బరు వలయమైన ఓ-రింగ్‌ను క్రమం తప్పక శుభ్రం చేసి, డైవ్ ముగిశాక మంచినీటిలో నానబెట్టిన తరువాతే తెరవడం అలవాటు చేసుకుంటే ఆ కెమెరా చాలాకాలం నిలుస్తుంది. టీజీ-6 కోసం చేసిన హౌసింగ్‌ను 45 మీటర్ల వరకు వాడవచ్చు, అది టీజీ-7కు కూడా సరిపోతుంది. ఇటువంటి వెసులుబాటు అరుదు. సాధారణంగా కెమెరా మారితే హౌసింగ్ కూడా మారుతుంది, ఆ ఖర్చును ఎవరూ ముందుగా లెక్కలోకి తీసుకోరు. నీటిని తట్టుకుంటుందన్న ప్రకటన చూసి ఫోన్‌ను నేరుగా సముద్రంలోకి దించడం గురించి చెప్పనవసరం లేదు. ఆ పరీక్షలు సాధారణంగా మంచినీటిలో, కొద్దిపాటి లోతులో జరిగేవి.

పెద్ద కెమెరా ఎవరికీ అవసరం లేదని నేను అనడం లేదు. ఒక అంగుళం సెన్సర్ (వెలుతురును పట్టి చిత్రంగా మార్చే భాగం) ఉన్న సోనీ ఆర్ఎక్స్100, కెనాన్ జీ7ఎక్స్ వంటి కెమెరాల్లో సెన్సర్ వైశాల్యం టీజీ సెన్సర్‌కు నాలుగు రెట్లు ఉంటుంది. షట్టర్ వేగాన్ని, అంటే వెలుతురును ఎంతసేపు లోపలికి రానివ్వాలన్నదాన్ని, మన ఇష్టప్రకారం నియంత్రించే పూర్తి మాన్యువల్ పద్ధతి వాటిలో ఉంది, టీజీలో లేదు. స్ట్రోబ్‌తో తీసేటప్పుడు వెనుక నీటి నీలం ఎంత ముదురుగా రావాలో నిర్ణయించేది షట్టర్ వేగమే కాబట్టి, మునిగిన ఓడలనూ పెద్ద చేపల గుంపులనూ విశాలంగా చిత్రించాలనుకునేవారికి ఇది నిజమైన మెరుగుదల. అయితే ఈ కెమెరాలు స్వతహాగా నీటిని ఏమాత్రం తట్టుకోవు, హౌసింగ్ కారితే కెమెరా పోయినట్లే. టీజీకైతే తన సొంత సీళ్ల రక్షణ ఉంటుంది. ఒక సెంటీమీటరు దూరం నుంచి తీయగల టీజీ మైక్రోస్కోప్ పద్ధతి ముందు, చిన్న రొయ్యలు, న్యూడిబ్రాంక్‌లనే రంగురంగుల సముద్రపు నత్తల విషయంలో ఈ పెద్ద కెమెరాలు అదనపు లెన్స్ లేకుండా నిలవలేవు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసినది నీటిలో మన నిలకడ. రెండు చేతులూ ఆక్రమించే హౌసింగ్, లైట్లతో దిగి, తేలుడు అదుపులో లేక పగడాన్ని పట్టుకునో, దాని మీద మోకాలు ఆనించో ఫొటో తీయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే పెరిగే పగడపు కొమ్మ ఒక్క తాకిడికి విరిగిపోతుంది. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు. చేతులు కట్టుకుని నీటి మధ్య కదలకుండా నిలవడం రానివారు కెమెరా మార్చే ఆలోచనను వాయిదా వేసి, ఆ డబ్బుతో మరికొన్ని డైవ్‌లు చేయాలని నా మనవి.

ఇకపై నీటి అడుగు కెమెరాలను సమీక్షించేటప్పుడు హౌసింగ్, లైట్లతో కలిపి మొత్తం ఖర్చు ఎంతవుతుందో, ఏ లోతు వరకు ఏ షరతుల మీద వాడవచ్చో కూడా రాయవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను. ఈ కెమెరాలకు సీళ్లు మార్చి, పీడన పరీక్ష చేసి ఇచ్చే సర్వీసు కేంద్రాలు విశాఖ, హైదరాబాద్ నగరాల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో మీ విలేకరుల ద్వారా తెలుసుకుని ప్రచురిస్తే, పాత కెమెరాను కాపాడుకోవాలనుకునే వారందరికీ ఎంతో సహాయం చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం.