హౌస్ గారి వార్డులో నర్సులేరీ?

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

మొన్న నాతో మాట్లాడుతూనే మధ్యలో ఎవరినో "సిస్టర్, బుర్ర పనిచేస్తోందా?" అని కసిరావు. వెంటనే ఏమీ జరగనట్టు "అన్నం తిన్నావా అమ్మా" అన్నావు. తిన్నానన్నాను గానీ, ఆ ముద్ద దిగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నన్నూ సిస్టర్ అనే పిలిచారు కదా. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

నువ్వు ఇంటర్ చదివేటప్పుడు ఆ 'హౌస్' అనే అమెరికా డాక్టరు సీరియల్ మనిద్దరం నీ కంప్యూటర్లో చూసేవాళ్లం, గుర్తుందా? డాక్టర్ హౌస్ వేషంలో హ్యూ లారీ కర్ర ఊపుకుంటూ వచ్చి ఎదుటివాళ్లను ఒక్క మాటతో తీసిపారేస్తే నువ్వు పడీ పడీ నవ్వేవాడివి. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. హౌస్ సర్జన్ అయిన రోజున "నేనూ హౌస్‌నే" అని జోకేశావు కూడా. ఈమధ్య మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నానుగా, మళ్లీ మొదటినుంచీ పెట్టుకున్నాను. 2004 నుంచి 2012 దాకా ఎనిమిది సీజన్లు. ఈసారి నా చూపు ఆయన మీద నిలవలేదు.

అంత పెద్ద ఆసుపత్రిలో నర్సులేరీ? రక్తం తీసేది డాక్టర్లే, ఎమ్మారై తీసేది డాక్టర్లే, ల్యాబులో టెస్టులు చేసేదీ వాళ్లే. చివరికి పేషెంటు ఇంట్లోకి దొంగల్లా దూరి వెతికేదీ వాళ్లే! రాత్రి మూడింటికి దుప్పటి తడిసిందని చూసే మనిషి మాత్రం ఎక్కడో వెనకాల నీడలా కదులుతుంది.

ఆయనేమో ఒకటికి రెండుసార్లు తప్పు జబ్బు చెబుతాడు. ఆ మందులకు పేషెంటు ప్రాణం మీదికొస్తుంది. నలభయ్యో నిమిషంలో ఎవరో ఏదో మామూలు మాట అంటారు, ఆయన ఆగి శూన్యంలోకి చూస్తాడు, అంతే, జబ్బు దొరికిపోతుంది. అప్పటిదాకా తిట్టిన తిట్లన్నీ మాఫీ. జవాబు ముందే రాసిపెట్టుకుని నడిపే కథ అది.

ఆ నోటికి మూల్యం కట్టేది మాత్రం పక్కవాళ్లు. ఆయన మీద పడే కేసుల కోసమని ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ కడ్డీ ఏటా 50,000 డాలర్లు పక్కన పెట్టిందట. మూడో సీజన్లో ఒక పోలీసాయనకు థర్మామీటర్ పెట్టి, అలాగే వదిలేసి వెళ్లిపోతాడు చూడు, ఆ పోలీసాయన పంతం ఎంతదాకా పోయింది? హౌస్ స్నేహితుడు డాక్టర్ విల్సన్ బ్యాంకు ఖాతా ఆగిపోయింది, కారు పోయింది, మందులు రాసే హక్కూ పోయింది. కడ్డీ కోర్టులో ప్రమాణం చేసి మరీ అబద్ధమాడింది. సీరియల్ ఆయన్ని ఊరికే వదిలిందని అనను. మాత్రలకు బానిసను చేసింది, పిచ్చాసుపత్రికి పంపింది, జైల్లోనూ పెట్టింది. కానీ తిరిగొచ్చాక, జబ్బు లక్షణాలు రాసే బోర్డు ముందు మార్కర్ చివరికి మళ్లీ ఆయన చేతికే.

నాకూ ఒక హౌస్ తెలుసు. పేరు వద్దులే. గొప్ప సర్జన్, హస్తవాసి అలాంటిది. ఒకసారి కిడ్నీ ట్రే విసిరితే మా వార్డు నర్సు పిల్ల నుదురు చిట్లింది. ఆ తర్వాత ఒక రాత్రి, ఆపరేషనైన ఒకాయనకు డ్రెయిన్, అదే లోపలి రక్తం బయటికి తెచ్చే గొట్టం, ఎర్రగా నిండిపోతోంది, పల్స్ 130. నేను పక్క వార్డు నుంచి వచ్చేసరికి మా జూనియర్ ఫోన్ దగ్గరే నిలబడి ఉంది, రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుని. "ఇంకో పావుగంట చూసి చేద్దామక్కా, తిడతారేమో" అంది. అప్పటికే అలా రెండు పావుగంటలు చూసిందట. నేను చేశాను. ఆయన పది నిమిషాల్లో వచ్చాడు, లోపలికి తీసుకెళ్లాడు, బతికించాడు. బయటికొచ్చి "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. అందరం నేలచూపులు చూశాం.

సీరియల్లో హౌస్‌కి ఆ బాధ లేదురా. ఎంత తిట్టినా ఆయన కింది డాక్టర్లు ఫోర్‌మన్, కామెరాన్ ఎదురు నిలబడి వాదిస్తారు. అలా రాశారు కాబట్టి. మనవైపు తిట్లు తిన్న మనిషి ఎదురు చెప్పదు, ఫోన్ చెయ్యడమే మానేస్తుంది. నీ తెలివికి అందాల్సిన సగం కబుర్లు ఆమె దగ్గరే ఆగిపోతాయి.

బస్సు పార్శిల్‌లో సున్నుండలు రెండు డబ్బాలు పంపుతున్నాను. చిన్న డబ్బా నీది. పెద్దది ఆ సిస్టర్‌కి ఇవ్వు. ముందు ఆ అమ్మాయి పేరేమిటో కనుక్కో.

అమ్మ